రాగిని కాచే పూత: లక్క నుంచి ఎపాక్సీ దాకా

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మలు చేసే పనివారు అంకుడు కర్రను తరిమెనకు బిగించి తిప్పుతూ, దాని మీద రంగు లక్క కడ్డీని ఒత్తిపట్టినప్పుడు, ఆ రాపిడిలో పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రంతా పరుచుకుంటుంది. తిప్పడం ఆపిన కొద్దిసేపటికే తిరిగి గట్టిపడి నిగనిగలాడే పూతగా నిలుస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళ అంతా లక్కకున్న ఒకే ఒక గుణం మీద, అంటే వేడికి మెత్తబడి చల్లదనానికి బిగుసుకునే గుణం మీద, ఆధారపడి ఉంది. అయితే ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇదే లక్క, బొమ్మలతో ఏ సంబంధమూ లేని మరో చోట, అంటే విద్యుత్తును పుట్టించే భారీ యంత్రాల కడుపులో, అభ్రకపు రేకులను ఒకదానికొకటి అతికించే జిగురుగా కూడా పనిచేసింది. రాపిడి వేడికే కరిగే పదార్థాన్ని రాత్రింబవళ్లు వేడెక్కే యంత్రంలో ఎలా వాడగలిగారు, ఎందుకు వదులుకోవలసి వచ్చింది, దాని స్థానంలోకి వచ్చిన పదార్థం ఏ మార్పు వల్ల ఆ వేడిని తట్టుకోగలిగింది అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే, పాలిమర్ల గుణాలను మనిషి తనకు కావలసినట్టు ఎలా మలచుకుంటాడన్నది దాదాపు మొత్తంగా తెలిసిపోతుంది.

కొండల్లో యంత్రాలు

ఏటికొప్పాకకు ఉత్తరాన, తూర్పు కనుమల మీద, మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది ఆంధ్రప్రదేశ్, ఒడిశాల సరిహద్దు వెంట ప్రవహించి డుడుమ వద్ద సుమారు 175 మీటర్ల లోతుకు దూకుతుంది. ఆ తరువాత సీలేరుగా పేరు మార్చుకుని, శబరిలో కలిసి, చివరికి గోదావరిని చేరుతుంది. ఆ దూకుడును విద్యుత్తుగా మార్చడానికి నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఉమ్మడిగా తలపెట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోరాపుట్ జిల్లాలో 1955లో మొదలైంది. ఎగువన జోలాపుట్ జలాశయంలో నిలిపిన నీటితో నడిచే ఈ కేంద్రంలో 17 మెగావాట్ల యంత్రాలు మూడు, వాటి తరువాత వచ్చిన పెద్ద యంత్రాలు మూడు ఉన్నాయి. ఈ పెద్ద యంత్రాల సామర్థ్యం మొదట 21.25 మెగావాట్లు కాగా ఇప్పుడు 23 మెగావాట్లుగా లెక్కిస్తారు కనుక, మొత్తం స్థాపిత సామర్థ్యం 120 మెగావాట్లు.

ఇటువంటి యంత్రంలో నీటి తాకిడికి తిరిగే భాగాన్ని రోటర్ అనీ, దాని చుట్టూ కదలకుండా నిలిచే భాగాన్ని స్టేటర్ అనీ అంటారు. రోటర్ మోసే అయస్కాంతాలు తిరుగుతున్నకొద్దీ, స్టేటర్ ఇనుప గాడుల్లో అమర్చిన రాగి కడ్డీల్లో విద్యుత్తు పుడుతుంది. ఈ పరిమాణపు యంత్రాల్లో ఆ విద్యుత్తు సాధారణంగా 11,000 వోల్టుల పీడనంతో ఉంటుంది కనుక, రాగికీ దాన్ని చుట్టి ఉన్న ఇనుముకూ మధ్య ఒక అడ్డుతెర అవసరం. విద్యుత్తును సాగనివ్వని ఆ తెరనే ఇన్సులేషన్ అంటారు. దాని మందం మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. రాగి 1,083 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు, ఇనుము ఇంకా ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది; అయినా యంత్రం నుంచి ఎంత విద్యుత్తు తీయవచ్చో, అది ఎన్నేళ్లు పనిచేస్తుందో నిర్ణయించేది ఈ రెండు లోహాలూ కాదు, వాటి మధ్య ఉన్న ఆ పలుచని పొరే. ఎక్కువ విద్యుత్తు తీస్తే రాగి ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడికి అన్నిటికన్నా ముందు ఓడిపోయేది ఇన్సులేషనే.

గొలుసు అణువులు

లక్క, రబ్బరు, కాగితంలోని సెల్యులోజ్, పాలిథిన్, ఎపాక్సీ వంటివన్నీ పాలిమర్లు. చిన్న చిన్న అణువులు వందలూ వేలూ ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టుగా కలిసి ఏర్పడే పొడవైన అణువును పాలిమర్ అంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ 1920లో ఈ భావనను ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి ప్లాస్టిక్ యుగం మొదలై పోయింది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముఖ్యవిషయం ఒకటుంది. గొలుసు వెంట అణువులను కలిపే బంధాలు చాలా బలమైనవి, కాని ఒక గొలుసుకూ పక్క గొలుసుకూ మధ్య ఉండే ఆకర్షణ బలహీనమైనది. గదిలో కుప్పగా పడేసిన నులక తాడును ఊహించుకుంటే, తాడు తెగడం కష్టమే గాని, కుప్పలోంచి ఒక పోగును లాగడం కష్టం కాదు. వేడి అంటే అణువుల కదలికే కనుక, వేడి పెరిగేకొద్దీ గొలుసులు మెలికలు తిరుగుతూ, ఒకదాని మీద ఒకటి జారుతూ, పదార్థాన్ని మెత్తబరుస్తాయి. ఏటికొప్పాక తరిమెన మీద లక్కలో జరిగేది ఇదే: ఏ బంధమూ తెగదు, అణువులు ఒకదాన్నొకటి వదిలి కదులుతాయి, చల్లారాక మళ్లీ సర్దుకుని నిలిచిపోతాయి. ఇలా ఎన్నిసార్లయినా మెత్తబడి గట్టిపడే వాటిని థర్మోప్లాస్టిక్‌లు అంటారు.

వివరణ: గాజు స్థితి
మంచుగడ్డ సున్నా డిగ్రీల వద్ద ఒక్కసారిగా నీరవుతుంది, కాని చాలా పాలిమర్లు అలా ఒక్కసారిగా కరగవు. ఒక ఉష్ణోగ్రతకు దిగువన వాటి గొలుసులు కదలలేక బిగుసుకుపోయి, పదార్థం గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. దానికి ఎగువన గొలుసు ముక్కలు కదలడం మొదలై రబ్బరులా మెత్తబడుతుంది. ఈ మార్పు జరిగే చోటును గాజు స్థితి ఉష్ణోగ్రత అంటారు. ఇడ్లీ పొట్లం కట్టే పలుచని పాలిథిన్ కవరు మామూలు వేడిలో మెత్తగా ఉండటానికి, దువ్వెన గట్టిగా ఉండటానికి కారణం ఈ ఉష్ణోగ్రత ఒకదానిలో గది వేడికి చాలా దిగువన, మరొకదానిలో ఎగువన ఉండటమే. పాలిమర్‌ను వేడికి తట్టుకునేలా మార్చడమంటే చాలా సందర్భాల్లో ఈ గీతను పైకి జరపడమే.

మెత్తబడే జిగురు వల్ల వచ్చిన చిక్కు

తొలినాటి ఇంజనీర్లకు వేడిని ఓర్చే పదార్థం లేకపోలేదు. నెల్లూరు సీమలోని గూడూరు, సైదాపురం ప్రాంతపు గనుల నుంచి ఎగుమతైన అభ్రకం ఐదు వందల డిగ్రీల వేడికి కూడా చలించదు, విద్యుత్తును ససేమిరా పోనివ్వదు. అయితే అభ్రకం పెళుసైన రేకులుగా విడిపోతుంది తప్ప రాగి కడ్డీ చుట్టూ పట్టీలా చుట్టుకోదు. అందుకని ఆ రేకులను కాగితం మీదో బట్ట మీదో పరిచి, మోదుగ, రేగు చెట్ల మీద లక్క పురుగులు స్రవించే లక్కతోనూ, తరువాత పెట్రోలియం నుంచి వచ్చే తారుతోనూ అతికించి, పట్టీలుగా చుట్టేవారు. మాచ్‌ఖండ్ యంత్రాలు తిరగడం మొదలుపెట్టిన కాలానికి ప్రపంచంలోని భారీ యంత్రాల్లో అత్యధికం ఈ తరహా ఇన్సులేషన్‌తోనే నడుస్తున్నాయి.

లక్క, తారు రెండూ వేడికి మెత్తబడేవే కావడంతో చిక్కు అక్కడే పుట్టింది. మూడు మీటర్ల రాగి కడ్డీ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, యంత్రం ఆపితే తిరిగి కుంచించుకుంటుంది. విద్యుత్తు గిరాకీ పెరిగిన సాయంత్రం నడిచి, తగ్గాక ఆగే జలవిద్యుత్ యంత్రాల్లో ఈ సాగడం, ముడుచుకోవడం వేలసార్లు జరుగుతాయి. మెత్తబడిన జిగురు రాగితోపాటు సాగుతుంది గాని, చల్లారేటప్పుడు రాగితోపాటు వెనక్కి రాదు. అలా పొరల మధ్య సన్నని గాలి ఖాళీలు ఏర్పడతాయి. గాలి విద్యుత్ పీడనాన్ని ఘనపదార్థమంతగా ఓర్చుకోలేదు కనుక ఆ ఖాళీల్లో కంటికి కనబడని మెరుపులు పుట్టి, చుట్టూ ఉన్న జిగురును రోజూ కొంచెం కొంచెంగా కాల్చివేస్తాయి. మరోవంక సెకనుకు 50 ఆవర్తనాల విద్యుత్తు ప్రవహించే కడ్డీని అయస్కాంత బలం సెకనుకు 100 సార్లు, అంటే ఒక రోజులో 86 లక్షల 40 వేల సార్లు, గాడిలో కుదుపుతుంది. వదులైన ఇన్సులేషన్‌ను ఈ కుదుపు ఇనుముకేసి రాస్తుంది. చివరికి యంత్రాన్ని పాడుచేసేది ఒక్క వేడే కాదు; వేడి తెచ్చిన మెత్తదనం, మెత్తదనం తెచ్చిన ఖాళీ, ఖాళీ తెచ్చిన కుదుపు ఒకదానికొకటి తోడై పాడుచేస్తాయి. అందుకే పాలిమర్ల విషయంలో వేడిని ఓర్చే గుణాన్నీ, యాంత్రిక బలాన్నీ విడదీసి చూడటం కుదరదు.

మొదటి దారి: గొలుసులకు ముడులు వేయడం

కుప్పగా పడి ఉన్న నులకనే మంచానికి అల్లితే మనిషి బరువు మోస్తుంది. తాడు మారలేదు, తాళ్ల మధ్య సంబంధం మారింది. పాలిమర్లలో పక్కపక్క గొలుసులను బలమైన రసాయన బంధాలతో ముడివేయడాన్ని అడ్డబంధాలు వేయడం అంటారు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి, ఎండకు అంటుకుని చలికి పగిలే పచ్చి రబ్బరును చక్రాలకు పనికివచ్చే పదార్థంగా మార్చినప్పుడు జరిగింది ఇదే, అయితే దాని వెనుక ఉన్న కారణం ఆనాడు ఎవరికీ తెలియదు. ఇప్పుడు కోరాపుట్ జిల్లాలోనే పంచపట్‌మాలి కొండ మీది బాక్సైట్ అనే అల్యూమినియం ఖనిజాన్ని పద్నాలుగు కిలోమీటర్లకు పైగా మోసి దామన్‌జోడి కర్మాగారానికి చేర్చే కన్వేయర్ బెల్టు వంటి వాటికి ప్రాణం గంధకపు ముడులు పడిన రబ్బరే.

లక్కకు బదులు వెతుకుతూ లియో బేక్‌లాండ్ 1907లో తయారుచేసిన బేకలైట్, ముడులు దట్టంగా పడిన తొలి పూర్తి కృత్రిమ ప్లాస్టిక్. పచ్చి కుండ నీటిలో నానితే మట్టిగా మారుతుంది, ఆవంలో కాల్చిన కుండ మారదు. అలాగే ఒకసారి వేడితో ముడులు పడిన ఇటువంటి పదార్థం మళ్లీ వేడిచేసినా మెత్తబడి ప్రవహించదు. వీటిని థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్‌లు అంటారు. 1950 ప్రాంతంలో అమెరికాలో మొదట పాలియెస్టర్ తరహా రెసిన్లు, ఆ తరువాత ఎపాక్సీ రెసిన్లు భారీ యంత్రాల్లో లక్క, తారుల స్థానాన్ని ఆక్రమించాయి. రెండు గొట్టాల్లో వచ్చే ఆరల్డైట్ జిగురు ఎపాక్సీయే. ఒక గొట్టంలోని రెసిన్ అణువుల కొసలకు రెండో గొట్టంలోని గట్టిపరిచే పదార్థం తగులుకుని, నలుదిక్కులా అల్లుకుపోయే వలను కడుతుంది. గట్టిపడిన ముక్క మొత్తాన్ని ఒకే ఒక్క పెద్ద అణువుగా భావించినా తప్పు లేదు.

ఈ ద్రవాన్ని అభ్రకపు పొరల్లోకి ఎక్కించే పద్ధతిని మడత కాజాతో పోల్చవచ్చు. కాజా మడతల మధ్యకు పాకం చేరినట్టే, అభ్రకపు పట్టీ చుట్టిన కడ్డీలను మూసిన తొట్టిలో ఉంచి, ముందు లోపలి గాలిని పూర్తిగా లాగివేసి, తరువాత రెసిన్‌ను ఒత్తిడితో లోపలికి పంపుతారు. గాలి లేనందువల్ల రెసిన్ ప్రతి సందులోకీ చొరబడుతుంది. ఆపై కొలిమిలో వేడిచేస్తే ముడులు పడి గట్టిపడుతుంది. పాత జిగురుకు శత్రువైన గాలి ఖాళీకి మొదటి రోజునే చోటు లేకుండా పోతుంది.

వివరణ: పది డిగ్రీల సూత్రం
ఇన్సులేషన్ పదార్థాలను అవి దీర్ఘకాలం ఓర్చగల వేడిని బట్టి తరగతులుగా విభజిస్తారు. బి తరగతి 130 డిగ్రీల వరకు, ఎఫ్ తరగతి 155 డిగ్రీల వరకు. లక్కతోనో తారుతోనో అతికించిన అభ్రకం బి తరగతికి, ఎపాక్సీతో అతికించినది ఎఫ్ తరగతికి చెందుతాయి. 1930లో మాంట్‌సింగర్ అనే అమెరికా ఇంజనీరు ట్రాన్స్‌ఫార్మర్ల ఇన్సులేషన్‌ను పరిశీలించి, ఎనిమిది డిగ్రీలు వేడి పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుందని గమనించారు; ఇంజనీర్లు దీన్ని పది డిగ్రీల లెక్కగా గుర్తుపెట్టుకుంటారు. ఒక పూత 90 డిగ్రీల వద్ద 40 ఏళ్లు నిలుస్తుందనుకుంటే, 100 వద్ద 20 ఏళ్లు, 110 వద్ద 10 ఏళ్లే నిలుస్తుంది. కనుక ఎఫ్ తరగతి పూత వేసి, యంత్రాన్ని బి తరగతి వేడిలోనే నడిపితే, ఆ తేడా అంతా ఆయుష్షుగా మిగులుతుంది.

రెండో దారి: తోడు కలపడం

ముడులు దట్టమయ్యేకొద్దీ పదార్థం గట్టిపడుతుంది, అదే సమయంలో పెళుసవుతుంది. నులక మరీ బిగించి అల్లిన మంచం ఊగదు, కూర్చుంటే తాడు తెగుతుంది. పైగా ఎపాక్సీ వేడికి రాగికన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక, రెసిన్ ఒక్కదాన్నే రాగి చుట్టూ పోస్తే చల్లారేటప్పుడు బీటలు వారుతుంది. మట్టి గోడలో ఎండుగడ్డి కలిపితే పగుళ్లు ఆగినట్టే, రెసిన్‌లో గాజుపోగుల బట్టను, అభ్రకపు పొరలను, ఇసుక జాతికే చెందిన సిలికా పొడిని కలిపితే వ్యాకోచం తగ్గి రాగికి దగ్గరవుతుంది, ఎక్కడైనా సన్నని బీట మొదలైనా పోగు దాకా వచ్చి ఆగుతుంది. లాగే బలాన్ని గాజుపోగు భరిస్తుంది, విద్యుత్ మెరుపుల దాడిని అభ్రకం తట్టుకుంటుంది, ఈ రెంటినీ కదలకుండా పట్టి ఉంచే పని ఎపాక్సీది. ఏ ఒక్కటీ విడిగా చేయలేని పనిని మూడూ కలిసి చేసే ఇటువంటి కూర్పును సమ్మిశ్రణ పదార్థం అంటారు. పెళుసుదనం ఇంకా తగ్గించవలసిన చోట మైక్రాన్ల పరిమాణంలో రబ్బరు కణాలను రెసిన్‌లో చెదరగొడతారు; పగులును ముందుకు నెట్టే శక్తిని ఆ కణాలు సాగుతూ మింగివేస్తాయి.

ఇలా కలిపే పొడుల్లో కోరాపుట్‌కు దగ్గర సంబంధం ఉన్నది ఒకటుంది. దామన్‌జోడిలోని నాల్కో కర్మాగారంలో బాక్సైట్‌ను కాస్టిక్ సోడాలో కరిగించి శుద్ధిచేసినప్పుడు అల్యూమినా హైడ్రేట్ అనే తెల్లని పొడి విడిపోతుంది. దాని బరువులో సుమారు మూడో వంతు నీరే, అయితే అది తడిగా కాక స్ఫటికంలో బంధించబడి ఉంటుంది. అల్యూమినియం లోహం కావాలంటే ఆ నీటిని వెళ్లగొట్టాలి కనుక కర్మాగారంలో దాన్ని వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేస్తారు. ఇదే రకపు పొడిని నున్నగా నూరి పాలిమర్‌లో కలిపితే, అక్కడ ఆ నీరే రక్షణ అవుతుంది: విద్యుత్ మెరుపు వల్లో మంట వల్లో వేడి 200 డిగ్రీలు దాటితే, పొడి నీటి ఆవిరిని విడుదల చేస్తూ, ఆ పనికి చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుని పాలిమర్‌ను చల్లబరుస్తుంది.

మూడో దారి: వెన్నెముకనే మార్చడం

విద్యుత్ కేంద్రం దాటి బయటికొస్తే, తీగలను ఇనుప స్తంభాల నుంచి వేరుగా పట్టుకునే ఇన్సులేటర్లు కనిపిస్తాయి. ఎన్నో దశాబ్దాలుగా ఇవి ఎక్కువగా పింగాణీవే. వీటికి పోటీగా వచ్చిన కొత్తరకం ఇన్సులేటర్లో లోపల గాజుపోగులు నింపిన ఎపాక్సీ కడ్డీ, పైన సిలికోన్ రబ్బరు గొడుగులు ఉంటాయి. మామూలు రబ్బరు గొలుసులో కార్బన్ పరమాణువు కార్బన్‌నే పట్టుకుని ఉంటుంది. సిలికోన్ గొలుసులో సిలికాన్, ఆక్సిజన్ ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఈ బంధం కార్బన్ బంధం కన్నా బలమైనది కావడంతో ఎండనూ వేడినీ ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. ఈ రబ్బరు మీద పడ్డ వాన తామరాకు మీది నీటిబొట్లలా జారిపోతుంది కనుక, విశాఖ తీరంలోలా ఉప్పుగాలి వీచేచోట కూడా విద్యుత్తు పాకడానికి దారినిచ్చే తడి పొర ఏర్పడదు. ఈ రబ్బరులో పైన చెప్పిన తెల్లపొడిని పెద్ద పాళ్లలో కలుపుతారు.

భూమిలో వేసే కేబుళ్లలో మళ్లీ మొదటి దారే కనిపిస్తుంది. మామూలు పాలిథిన్ తొడుగు ఉన్న తీగను 70 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వకూడదు. అదే పాలిథిన్ గొలుసులకు అడ్డబంధాలు వేస్తే 90 డిగ్రీల వద్ద నిరంతరంగా, షార్ట్ సర్క్యూట్ జరిగిన కొన్ని క్షణాలపాటు 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రసాయనికంగా పదార్థం దాదాపు అదే, ముడులే కొత్తవి.

లాభానికి చెల్లించే వెల

ఇన్ని మార్పుల తరువాత కూడా పాలిమర్లలో ఒక లోటు మిగిలింది. రాగి ఎంత వేడిని సాగనిస్తుందో ఎపాక్సీ అందులో సుమారు రెండు వేలో వంతే సాగనిస్తుంది. విద్యుత్తును ఆపే తెరే వేడిని కూడా ఆపేస్తుంది కనుక, రాగిలో పుట్టిన వేడి బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. వేడిని బాగా ప్రసరింపజేసే బోరాన్ నైట్రైడ్, అల్యూమినా వంటి పొడులను కలిపితే ఇది కొంత మెరుగవుతుంది, అయితే పొడి పెరిగేకొద్దీ రెసిన్ చిక్కబడి సందుల్లోకి చొరబడదు, గట్టిపడ్డాక పెళుసవుతుంది. అందుకే పూతను పలుచన చేయడం మరో మార్గమైంది. ఎపాక్సీ పూత పాత పూతకన్నా పలుచగా ఉన్నా అదే వోల్టేజిని ఆపగలదు కనుక, మిగిలిన చోటులో ఎక్కువ రాగి పడుతుంది. పాత జలవిద్యుత్ యంత్రాలకు కొత్త వైండింగ్ వేసినప్పుడు, అదే ఇనుప చట్రం నుంచి, అదే నీటి దూకుడు నుంచి మునుపటికన్నా ఎక్కువ విద్యుత్తు తీయగలగడానికి ప్రపంచమంతటా ఒక ప్రధాన కారణం ఇదే. కొత్త ఆనకట్ట కట్టనక్కర లేకుండా, మరో అడవిని ముంచనక్కర లేకుండా దక్కే ఈ అదనపు విద్యుత్తును తక్కువగా చూడకూడదు.

రెండో వెల యంత్రం ఆయుష్షు తీరాక తెలుస్తుంది. వైండింగ్‌ను విప్పినప్పుడు రాగిని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు గాని, దాన్ని కాచిన పూతను కరిగించలేరు. పగిలిన కుండ పెంకును తిరిగి మట్టి ముద్ద చేయలేనట్టే, ముడులు పడిన ఎపాక్సీ మళ్లీ ద్రవం కాదు. వేడికి లొంగకపోవడం అనే ఏ గుణం కోసం దాన్ని తయారుచేశారో, ఆ గుణమే దాన్ని చెత్తకుప్పకు చేరుస్తోంది. 2011లో ఫ్రాన్స్‌లో లుడ్విక్ లీబ్లర్ బృందం విట్రిమర్ అనే కొత్తరకం పాలిమర్‌ను ప్రకటించింది. దీనిలోనూ గొలుసుల మధ్య ముడులు ఉంటాయి, అయితే బాగా వేడిచేసినప్పుడు ఆ ముడులు మొత్తం సంఖ్య తగ్గకుండానే ఒక చోట విడి మరో చోట పడతాయి. అందువల్ల పదార్థం వలగా ఉంటూనే కొత్త ఆకారానికి ఒదుగుతుంది, బీటలు పడితే అతుక్కుంటుంది.

నలభై ఏళ్లు కుదుపునూ వేడినీ ఓర్చే భరోసాను ఇటువంటి పదార్థం యంత్రాల గాడుల్లో ఇంకా రుజువు చేసుకోవలసి ఉంది. అయినా అది వెళుతున్న దిశ స్పష్టంగానే ఉంది. ఏటికొప్పాక లక్క ఎన్నిసార్లయినా మెత్తబడుతుంది గాని యంత్రం వేడికి నిలవలేకపోయింది. ఎపాక్సీ ఆ వేడికి నిలిచింది గాని ఒక్కసారి గట్టిపడ్డాక మరి మెత్తబడదు. పని ఉన్నంతకాలం ఎపాక్సీలా బిగిసి ఉండి, పని తీరాక తరిమెన మీది లక్కలా మరో రూపానికి లొంగే పూత దొరికిననాడు, రాగితోపాటు దాన్ని కాచిన పొర కూడా తరువాతి యంత్రానికి అందుతుంది.